బారు మనది, బీరు కూడా మనమే తెచ్చుకుందాం: మన క్లబ్బు కార్యవర్గానికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధ్యక్షులు, కార్యదర్శి, కోశాధికారి గార్లకు, కార్యవర్గ సభ్యులందరికీ నమస్కారాలు.

మన క్లబ్బు బారు కాంట్రాక్టు గడువు మార్చి ఆఖరుతో ముగుస్తున్నది. అదే కాంట్రాక్టరుకు, అవే షరతుల మీద ఇంకో మూడేళ్లు పొడిగించే ఆలోచన ఉన్నట్టు నోటీసు బోర్డులో చదివాను. దయచేసి పొడిగించకండి. బీరు తెప్పించే పని, నిల్వ చేసే పని క్లబ్బే తన చేతిలోకి తీసుకోవాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. కార్యదర్శి గారికి విడిగా ఒక అర్జీ ఇస్తే సరిపోయేది కదా అని కొందరు మిత్రులు అన్నారు. అర్జీ ఫైలులోకి పోతుంది. ఇది సభ్యులందరి డబ్బుతో, ఆరోగ్యంతో ముడిపడిన విషయం. అందరూ చదివి జనరల్ బాడీలో తలా ఒక మాట మాట్లాడాలని బహిరంగంగా రాస్తున్నాను.

బారు సంగతి మీద ఇంత పెద్ద ఉత్తరమా అని తాగని సభ్యులకు అనిపించవచ్చు. వాళ్లకు ఒక్క మాట. క్లబ్బుల్లో పత్తాలాట ఆగిపోయింది. 2017లో మన తెలంగాణ రాష్ట్రం గేమింగ్ చట్టాన్ని (జూదం మీద ఉన్న చట్టం) సవరించాక దాని మీద ఆశ కూడా లేకుండా పోయింది. కార్డ్స్ రూము రాబడి పోయాక షటిల్ కోర్టు లైట్ల బిల్లు, రీడింగ్ రూముకు వచ్చే పేపర్ల బిల్లు, వాచ్‌మన్ జీతం ఎక్కువ భాగం బారు మీదే నడుస్తున్నాయి. బారు బాగోగులు చుక్క ముట్టనివాళ్లకు కూడా సంబంధించినవే.

ముందు కళ్లతో చూసింది చెప్తాను. షటిల్ కోర్టు వెనక, పడమటి గోడకు ఆనుకొని రేకుల షెడ్డు ఉంది. ఒకప్పుడు విరిగిన కుర్చీలు, పాత ఫ్యాన్లు వేసేవాళ్లం. ఇప్పుడు బీరు కేసులు పేరుస్తున్నారు. నెలకోసారి డీసీఎం వ్యాను వచ్చి దించి పోతుంది. మధ్యాహ్నం రెండు దాటాక ఆ గోడ మీద చెయ్యి పెట్టి చూడండి. మే నెలలో మన నల్లగొండలో బయట 44, 45 డిగ్రీలుంటే రేకుల కింద ఎంతుంటుందో వేరే చెప్పనక్కర్లేదు. అడుగు వరుసలోని కేసుల అట్టలు నేల చెమ్మకు ఉబ్బి, టేపు ఊడి ఉన్నాయి. కొత్త లోడు వచ్చినప్పుడు జాగా లేక హమాలీలు పాత కేసులకు ముందే దించుతారు. బారులో పనిచేసే పిల్లగాడు వచ్చి చేతికందిన కేసు ఎత్తుకుపోతాడు. వెనక పడింది వెనకే ఉంటుంది. ఫిబ్రవరిలో దిగిన సీసా జూన్‌లో బల్ల మీదికి వస్తుంది.

గత ఎండాకాలం నా ముందుకు వచ్చిన సీసాను తిప్పి లేబుల్ చూశాను. తయారైన నాటి నుంచి ఆరు నెలల గడువుకు ఇంకా కొద్ది రోజులే ఉంది. మూత తీస్తే సీసా మెడ చుట్టూ సన్నటి తుప్పు గీత. గ్లాసులో పోస్తే నురుగు లేచినట్టే లేచి, పక్కాయనను పలకరించేలోపే అణిగిపోయింది. తడిసిన అట్టముక్క వాసన. బేరరును పిలిచి అడిగితే పాపం అతనేం చేస్తాడు, "ఇదే ఉంది సార్, మార్చమంటే ఇదే డేట్‌ది ఇంకోటి తెస్త" అన్నాడు. గడువు తీరలేదు కాబట్టి చట్టప్రకారం తప్పు లేదు. డబ్బు పెట్టి కొన్న మనిషికి మాత్రం న్యాయం జరగలేదు.

బీరు ఎందుకు అలా అవుతుందో కొంచెం వివరంగా చెప్పాలి. సీసాల్లో నింపే బీరును వేడిచేసి పాశ్చరైజ్ చేస్తారు, అందువల్ల అది పాలలాగా విరిగిపోదు. తాగితే జబ్బు చేస్తుందని నేను అనడం లేదు. కానీ సీసాలో మిగిలిన కొద్దిపాటి గాలి బీరుతో కలిసి రుచిని తినేస్తూ ఉంటుంది. ఆ పని చల్లటి చోట నెమ్మదిగా, వేడి చోట వేగంగా జరుగుతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ వేగం రెండు మూడు రెట్లవుతుందని బ్రూవరీలలో పనిచేసేవాళ్లు లెక్క చెప్తారు. అంటే లేబుల్ మీద ఆరు నెలలు అని రాసి ఉన్నా మన రేకుల షెడ్డులో ఆ ఆరు నెలలు చెల్లవు. ఎండ తగలడం ఇంకో నష్టం. బీరులో చేదు కోసం వేసే హాప్స్ అనే పూల సారం మీద వెలుతురు పడితే ఒక రకమైన ముక్కిన వాసన పుడుతుంది. ముదురు గోధుమ రంగు సీసా దాన్ని చాలావరకు ఆపుతుంది, పచ్చ సీసా ఆపలేదు. మన కౌంటరు వెనక కిటికీలో అందంగా కనిపించాలని పేర్చినవి పచ్చ సీసాలే.

పొద్దున తాటిచెట్టు నుంచి దించిన కల్లుకు, పొద్దుగూకినాక మిగిలిన కల్లుకు తేడా మన జిల్లాలో చిన్నపిల్లవాడిని అడిగినా చెప్తాడు. కల్లు విషయంలో ఇంత పట్టింపు ఉన్న మనం బీరు విషయంలో ఏది పోస్తే అది తాగి లేస్తున్నాం.

నేను మెడికల్ ఏజెన్సీ నడుపుతాను. ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, ముందు గడువు తీరేది ముందు పోవాలి, ప్రతి పెట్టె మీద బ్యాచ్ నెంబరు చూసి రిజిస్టరులో ఎక్కించాలి. మా దగ్గర పదో తరగతి చదివిన పిల్లలు ఈ పనిని రోజూ చేస్తున్నారు. బీరుకు ఇంత కట్టుదిట్టం అక్కర్లేదు. ఎండ పడని, వేడెక్కని గది, కేసు మీద చాక్‌పీసుతో రాసిన తేదీ, పాతది ముందు తీసే అలవాటు ఉంటే చాలు. ఇది కష్టమైన పని అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

చల్లబరిచే పద్ధతి కూడా చూడండి. శనివారం సాయంత్రం ఏడు గంటలకు ఒకేసారి ముప్పై నలభై మంది వస్తారు. ఫ్రిజ్‌లో అంత సరుకు పట్టదు. షెడ్డులోంచి వేడి సీసాలు తెచ్చి ఐస్‌క్రీం పెట్టే డీప్ ఫ్రీజర్‌లో కుక్కుతారు. బీరు సున్నాకు రెండు మూడు డిగ్రీల దిగువన గడ్డకడుతుంది. మరిచిపోయిన సీసా పగులుతుంది, పగలనిది తెరిస్తే సగం మంచు, సగం నీళ్లలాంటి బీరు. ఆ పగిలిన గాజు మధ్య చెయ్యి పెట్టి మిగతా సీసాలు తీసేది పద్దెనిమిది, ఇరవై ఏళ్ల పిల్లలు. ఒకరి అరచేతికి కుట్లు పడ్డాయి. బీరు రుచి సంగతి పక్కనపెట్టి, ఈ ఒక్క కారణానికైనా ఆ ఫ్రీజర్ పద్ధతి రేపటి నుంచే ఆపించండి.

ఇప్పుడు సరఫరా అసలు ఎలా జరుగుతుందో సభ్యులకు తెలియాలి, ఎందుకంటే చాలామంది కాంట్రాక్టరు లేకపోతే మనకు సరుకే దొరకదు అనుకుంటున్నారు. మన రాష్ట్రంలో బీరు, లిక్కరు హోల్‌సేల్‌గా అమ్మేది ఒక్కరే, రాష్ట్ర ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్. బ్రూవరీ ఏదైనా సరుకు కార్పొరేషన్ డిపోకే రావాలి, వైన్స్ అయినా బారైనా క్లబ్బైనా ఆ డిపోలోనే లిఫ్ట్ చేసుకోవాలి. లైసెన్సు ఉన్నవారు ఇండెంట్ (కావలసిన సరుకు జాబితా) పెట్టి, డబ్బు కట్టి, సరుకు తెచ్చుకుంటారు. కాంట్రాక్టరుకు డిపోలో ఒక రేటు, మనకు ఒక రేటు ఉండదు. మన బారు లైసెన్సు క్లబ్బు పేరిటే ఉంది. రేపు ఏ తప్పు దొరికినా ఎక్సైజ్ వారు వచ్చి అడిగేది క్లబ్బు కార్యదర్శినే, కాంట్రాక్టరును కాదు. డిపో మన ఊళ్లోనే ఉంది. నెలకోసారి లోడు దించుకొని వేడిలో మగ్గబెట్టాల్సిన అవసరం మనకెందుకు? ఒక ట్రాలీ ఆటో మాట్లాడుకొని వారం వారం తెచ్చుకోవచ్చు.

కాంట్రాక్టరు అలా ఎందుకు తేవడం లేదంటే ఆయన లెక్క ఆయనది. ఆయనకు వేరే చోట్ల కూడా వ్యాపారం ఉంది. బండి ఒక్కసారి తిరిగితే కిరాయి మిగులుతుంది. జోరుగా పోయే సరుకు ఆ బార్లకు, నిదానంగా కదిలేది మనకు. వ్యాపారిగా ఆయన చేసేది నాకు అర్థమవుతుంది, ఆయన మీద నాకు కోపం లేదు. ఆయనకు లాభం కావాలి, మనకు మంచి బీరు కావాలి, ఈ రెండూ ప్రతిసారీ ఒకే దారిలో నడవవు.

2025 జనవరి గుర్తు చేసుకోండి. ధరలు పెంచడం లేదని, బకాయిలు రావడం లేదని కింగ్‌ఫిషర్ బీరు చేసే యునైటెడ్ బ్రూవరీస్ జనవరి 8న మన రాష్ట్రానికి సరఫరా ఆపింది. పన్నెండు రోజుల తర్వాత మళ్లీ మొదలుపెట్టింది. ఫిబ్రవరిలో ప్రభుత్వం బీరు ధరలను 15 శాతం పెంచింది. ఇవన్నీ పేపర్లలో వచ్చినవే, మన చేతిలో లేనివి. కానీ ఆ రోజుల్లో మన క్లబ్బులో ఏం జరిగింది? కొరత అనే మాట అడ్డం పెట్టుకొని, అప్పటిదాకా ఎవరూ అడగని బ్రాండ్లన్నీ బల్లల మీదికి వచ్చాయి. రేటు పెరిగింది ఫిబ్రవరిలో అయితే, మనకు కొరత పేరు చెప్పి జనవరిలోనే పెంచారు. సరఫరా మామూలైనాక కూడా ఆ పెంచిన రేటు దిగలేదు, దాని మీద 15 శాతం ఎక్కింది. ఇండెంట్ మన చేతిలో ఉండి ఉంటే ఏ రోజు ఏ సరుకు ఎంతకు వచ్చిందో కాగితం మన దగ్గర ఉండేది. ఇవాళ కార్యవర్గాన్ని అడిగితే ఆ ఇన్‌వాయిసులు చూపించగలరా? కాంట్రాక్టరును అడగాలి అంటారు.

ఇక్కడ నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచిన మాట చెప్తాను. సభ్యుల క్లబ్బు అంటే ఏమిటనే ప్రశ్న మీద సుప్రీంకోర్టు దాకా కేసులు నడిచాయి. 1970లో మద్రాసు యంగ్ మెన్స్ ఇండియన్ అసోసియేషన్ కేసులో, మళ్లీ 2019 అక్టోబర్‌లో కలకత్తా క్లబ్ కేసులో కోర్టు చెప్పిన మాట ఒకటే. సభ్యులు తమ కోసం పెట్టుకున్న క్లబ్బు, తన సభ్యులకు తిండి, పానీయం ఇస్తే అది అమ్మకం కాదు, ఎందుకంటే ఇచ్చేవాళ్లూ పుచ్చుకునేవాళ్లూ ఒక్కరే. తర్వాత 2021లో పార్లమెంటు జీఎస్టీ చట్టాన్ని మార్చి క్లబ్బుకు, సభ్యులకు మధ్య జరిగేది కూడా పన్ను కిందికి వచ్చేలా చేసింది. మద్యం జీఎస్టీలో లేదు. ఆ పన్నుల గొడవ ఆడిటర్ గారు చూసుకుంటారు. నాకు కావలసింది దాని వెనకున్న ఆలోచన. మనం నలుగురం కలిసి తెచ్చుకొని, ఖర్చు పోగా మిగిలింది మళ్లీ నలుగురి కోసమే వాడుకుంటున్నాం కాబట్టి ఇది క్లబ్బు. మధ్యలో మూడో మనిషి వచ్చి మనకు అమ్మి, లాభం ఇంటికి తీసుకుపోతే ఇది గేటుకు బోర్డు తగిలించుకున్న మామూలు బారు. ఆ మాత్రానికి గడియారం సెంటరు చుట్టుపక్కల బార్లు తక్కువా? ఎంట్రన్స్ ఫీజు కట్టి, ఏడాదికోసారి చందా కట్టి ఇక్కడికి ఎందుకు రావాలి?

మన పాత సభ్యులకు తెలుసు. నిజాం పాలనలో ఫస్లీ సంవత్సరాలు రాసే కాలం నుంచి మన జిల్లాలలో ఇలాంటి క్లబ్బులున్నాయి. తెలంగాణ ప్రాంతంలో సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టమే 1350 ఫస్లీది. ఇప్పుడు 2001 సొసైటీల చట్టం కింద నడుస్తున్నాం. ఏటా జనరల్ బాడీ పెట్టాలి, ఆడిట్ చేసిన లెక్కలు సభ్యుల ముందు ఉంచాలి. మన లెక్కల్లో బారు కింద కనిపించేది ఒకే ఒక్క వరుస, కాంట్రాక్టరు కట్టిన నెలవారీ మొత్తం. ఎన్ని సీసాలు వచ్చాయి, ఎన్ని పోయాయి, ఎంతకు కొన్నారు, ఎంతకు అమ్మారు అన్న ముక్క ఒక్కటీ లేదు.

డబ్బు లెక్క ఊరికే ఉదాహరణకు వేసి చూద్దాం. కేసుకు పన్నెండు పెద్ద సీసాలు. వారానికి ముప్పై కేసులు పోతాయనుకుందాం, 360 సీసాలు. సీసా మీద డిపో రేటు, రవాణా, కరెంటు, జీతాలు అన్నీ పోగా నలభై రూపాయలు మిగులుతాయనుకుందాం. వారానికి 14,400, ఏడాదికి 7,48,800 రూపాయలు. అసలు సంఖ్య దీనికంటే ఎక్కువ కావచ్చు, తక్కువ కావచ్చు. కాంట్రాక్టరు నుంచి బారు రిజిస్టరు తెప్పించుకొని కోశాధికారి గారు నిజమైన అంకెలు వేసి, ఆయన కట్టే మొత్తం పక్కన పెట్టి సభ్యులకు చూపించాలని నా మనవి. తేడా చిన్నదైతే నేనే చెప్తాను, రుచి కోసమైనా మార్చండి అని. తేడా పెద్దదైతే ఆ డబ్బుతో ముందు కూలింగ్ గది కట్టండి, ఆ తర్వాత సభ్యులకు రేటు తగ్గించండి. ఆ క్రమం తప్పొద్దు. రేటు తగ్గించి రేకుల షెడ్డులో సరుకు పెడితే చవక బీరు వస్తుంది, మంచి బీరు రాదు.

ఖాళీ సీసాల మాట కూడా ఇక్కడే. బ్రూవరీలు పాత సీసాలను కడిగి మళ్లీ నింపుతాయి, అందుకే ఖాళీ సీసాకు ధర ఉంది. అట్టపెట్టెకు ధర ఉంది. మన పెరటి గేటు నుంచి ప్రతి వారం గోనెసంచుల్లో పోతున్న సీసాల డబ్బు ఎవరి జేబులోకి పోతున్నదో నాకైతే తెలియదు. అది బారులో పనిచేసే పిల్లలకు దసరా బోనసుగా రాసి ఇవ్వండి.

ఏ బ్రాండ్ తేవాలన్నది సభ్యులే చెప్పాలి. ఇందులో నాకు ఒక బాధ ఉంది. "లైట్ లేదు సార్, స్ట్రాంగే ఉంది, తేనా?" అన్న మాట మన క్లబ్బులో రోజూ వినబడుతుంది. ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం స్ట్రాంగ్ బీరులో ఆల్కహాల్ 8 శాతం దాకా ఉండవచ్చు, లైట్‌లో 5 శాతం లోపే. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ సీసా ఒకటి తాగితే ఒంట్లోకి 52 మిల్లీలీటర్ల దాకా ఆల్కహాల్ పోతుంది. అదే 330 మిల్లీలీటర్ల లైట్ పింటు (చిన్న సీసా) అయితే 16.5 దాటదు. మూడో వంతు కన్నా తక్కువ. అరవై దాటిన సభ్యులు, బీపీ, షుగరు మందులు వేసుకునేవాళ్లు చాలామంది మన దగ్గర ఉన్నారు, వాళ్ల మందుల చీటీలు నా కౌంటరుకే వస్తాయి. వాళ్లు ఒక పింటు తాగి, గంటసేపు మాట్లాడి ఇంటికి పోదామని వస్తారు. పింటు ఉండదు, లైట్ ఉండదు. వచ్చినందుకు పెద్ద స్ట్రాంగ్ సీసా తాగి లేస్తారు.

వాళ్లలో కొందరు బండి మీద పోతారు. మిర్యాలగూడ నుంచి, నకిరేకల్ నుంచి, దేవరకొండ వైపు నుంచి కారులో వచ్చే సభ్యులున్నారు. నార్కట్‌పల్లి - అద్దంకి రోడ్డు మీద రాత్రిపూట లారీల రద్దీ ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. చట్టం ప్రకారం నూరు మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే కేసు. మొదటిసారి దొరికితే పదివేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. జరిమానా కట్టి బయటపడవచ్చు, యాక్సిడెంటు అయితే ఆ ఇంటికి ఎవరు పోయి సమాధానం చెప్తాం? తాగి బండి ఎక్కవద్దని గేటు దగ్గర బోర్డు పెట్టాం, మంచిదే. బోర్డు పెట్టిన చోటే లైట్ పింటు కూడా దొరికేలా చూడండి, పదింటికి గేటు బయట రెండు ఆటోలు ఉండేలా ఆటో స్టాండు వాళ్లతో మాట్లాడండి.

కుర్ర సభ్యులు కొందరు డ్రాఫ్ట్ బీరు (పీపా నుంచి పైపుతో నేరుగా గ్లాసులో పట్టే బీరు) మెషిన్ పెట్టమని అడుగుతున్నారు. హైదరాబాద్‌లో తాగి వచ్చినవాళ్లకు ఆ కోరిక ఉండటం సహజం. బాగా చూసుకుంటే సీసా బీరు కంటే అది రుచిగానే ఉంటుంది. కానీ మన క్లబ్బుకు ఇప్పుడే వద్దని నా అభిప్రాయం. కెగ్ అనే ఆ పీపా ఒకసారి తెరిస్తే కొద్ది రోజుల్లో ఖాళీ చేయాలి. మనకు శని, ఆదివారాల్లో జనం, మంగళ, బుధవారాల్లో నాలుగు బల్లలు. బీరు వచ్చే పైపులను వారానికోసారి, రెండు వారాలకోసారైనా శుభ్రం చేసే మందు వేసి కడగకపోతే లోపల పాచి పడుతుంది. కరెంటు పోతే కెగ్ వేడెక్కుతుంది, గ్లాసు నిండా నురుగే వస్తుంది. సీసాను సరిగ్గా నిల్వ చేయడం వచ్చాక రెండేళ్ల తర్వాత దాని గురించి ఆలోచిద్దాం. తమ్ముళ్లు ఈ ఒక్క విషయంలో ఓపిక పట్టాలి.

గ్లాసుల గురించి రెండు మాటలు. మన బోరు నీళ్లు ఎంత ఉప్పటివో తెలిసిందే. సర్ఫ్‌తో కడిగి, బోరు నీళ్లతో తొలిచి, తుడవకుండా బోర్లిస్తే గ్లాసు మీద తెల్లటి పొర కడుతుంది. సర్ఫ్ జిడ్డు మిగిలితే ఎంత తాజా బీరుకైనా నురుగు నిలవదు. చివరిసారి తొలవడానికి మంచినీళ్లు వాడమని చెప్తే చాలు.

మీరు చెప్పబోయే అభ్యంతరాలు నాకు తెలుసు, కొన్ని న్యాయమైనవే. కాంట్రాక్టరు ఉంటే నెల తిరిగేసరికి డబ్బు వస్తుంది, కార్యవర్గానికి టెన్షన్ లేదు. మనమే నడిపితే సీసాలు మాయమవుతాయి, స్నేహితులు ఖాతా రాయించుకుంటారు, లెక్క తేలక గొడవలవుతాయి. ఇదివరకు కొన్ని క్లబ్బుల్లో అలా జరిగి మూతపడే దాకా వచ్చిన మాట నిజం. అందుకే కొన్ని షరతులు మొదటి రోజు నుంచే పెట్టాలి. అరువు ఎవరికీ లేదు, అధ్యక్షుల వారికైనా సరే. ముందు కూపను, తర్వాత సీసా. రాత్రి మూసేటప్పుడు స్టాకు లెక్క, ఆ కాగితం మీద బారు చూసుకునే స్టివార్డు సంతకంతోపాటు ఆ రోజు వంతు వచ్చిన ఒక సభ్యుడి సంతకం. డిపో ఇన్‌వాయిసు నకలు నోటీసు బోర్డు మీద. రేటు బోర్డు కౌంటరు మీద, డిపో రేటు ఎంత, క్లబ్బు కలిపింది ఎంత అని విడివిడిగా. నెలాఖరున వ్యాపారం తెలిసిన ముగ్గురు సభ్యులు వచ్చి లెక్క చూడాలి. మన దగ్గర మిల్లర్లున్నారు, బత్తాయి వ్యాపారం చేసేవాళ్లున్నారు, బ్యాంకులో చేసి రిటైరైనవాళ్లున్నారు. లారీల కొద్దీ సరుకు లెక్క చూసే మనుషులు వారానికి ముప్పై కేసుల లెక్క చూడలేరా?

పెట్టుబడి గురించి అడుగుతారు. సరుకుకు డబ్బు ముందే కట్టాలి, నిజమే. నెలకు సరిపడా ఒకేసారి తెస్తే పెద్ద మొత్తం కావాలి. వారం వారం తెస్తే ఒక వారం సరుకుకు పెట్టిన డబ్బే తిరుగుతూ ఉంటుంది. దానికి క్లబ్బు డిపాజిట్లు ముట్టనక్కర్లేదు. ముందుకు వచ్చిన సభ్యుల దగ్గర కూపన్ పుస్తకాలకు అడ్వాన్సు తీసుకుంటే సరిపోతుంది. మొదటి పుస్తకం నేను కొంటాను.

ఇప్పుడు బారులో పనిచేస్తున్న స్టివార్డు, బేరర్లు, గ్లాసులు కడిగే పిల్లలు కాంట్రాక్టరు మనుషులు. ఆయన పోతే వాళ్లు రోడ్డున పడకూడదు. వాళ్లను క్లబ్బు ఉద్యోగులుగా తీసుకోండి. పీఎఫ్, ఈఎస్ఐ వర్తించేవాళ్లకు అవి కట్టండి. ఎవరికి ఐస్ వద్దో, ఎవరికి పల్లీలు ఉప్పు లేకుండా కావాలో, ఎవరు ఎన్నో గ్లాసు తర్వాత ఆపాలో వాళ్లకు తెలిసినంత మనకు తెలియదు. ఆ పెద్ద మనిషి స్టివార్డు కొందరు సభ్యులను "చాలు సార్, ఇంటికి పోదాం" అని నెమ్మదిగా లేపి, ఆటో ఎక్కించి పంపడం నేను చూశాను. అలాంటి మనిషికి నెల నెలా సరైన జీతం అందడం మన బాధ్యత.

కూలింగ్ గదికి జాగా వెతకనక్కర్లేదు. మూతపడి ఉన్న కార్డ్స్ రూము ఉత్తరం వైపు ఉంది, గోడలు మందం, పైకప్పు డంగుసున్నం. దానికి ఒక ఏసీ, నేల మీద చెక్క పలకలు, కిటికీకి నల్ల తెర వేస్తే ఎండాకాలంలో కూడా పాతిక డిగ్రీలు దాటకుండా ఉంచవచ్చు. కౌంటరు దగ్గర అద్దం తలుపుల ఫ్రిజ్‌లు ఇప్పుడున్న ఒకటికి ఇంకో రెండు కావాలి. శుక్రవారం రాత్రే శనివారం సరుకు వాటిలో పెడితే నాలుగైదు డిగ్రీలకు దిగి ఉంటుంది. ఐస్ ముక్క వేసి బీరును నీళ్లు చేసుకునే అవసరం రాదు.

చివరగా నేను అడిగేది ఇది. కాంట్రాక్టు పొడిగింపు మీద కార్యవర్గం ఇప్పుడే సంతకం పెట్టవద్దు. మార్చి రెండో ఆదివారం లోపు జనరల్ బాడీ పిలిచి ఈ విషయాన్ని అజెండాలో మొదట పెట్టండి. ఆ సమావేశానికి గత మూడేళ్ల బారు కొనుగోలు, అమ్మకం లెక్కలు తెప్పించండి. మూడేళ్లకు ఒకేసారి నిర్ణయం వద్దనుకుంటే ఏప్రిల్ నుంచి జూన్ దాకా, ఎండ ముదిరిన ఆ మూడు నెలలే, క్లబ్బు సొంతంగా బీరు తెచ్చి నడిపి చూడండి. విస్కీ, బ్రాందీ సంగతి అలాగే ఉండనివ్వండి, అవి వేడికి ఇంతగా పాడయ్యేవి కావు. జులైలో మళ్లీ కూర్చొని అంకెలు చూసుకుందాం. ఆ మూడు నెలలు డిపోకు పోయి సరుకు చూసి తేవడానికి, తేదీలు రాసి పేర్చడానికి మా ఏజెన్సీ నుంచి ఒక మనిషిని జీతం లేకుండా పంపిస్తాను. నేను కూడా ప్రతి శుక్రవారం సాయంత్రం వచ్చి నిలబడతాను. ఈ లేఖ నకలు మీద సంతకం చేయదలచిన సభ్యుల కోసం రీడింగ్ రూములో ఒక కాగితం పెట్టడానికి అనుమతి ఇప్పించగలరు.

ఇట్లు,
మీ క్లబ్బు లైఫ్ మెంబర్ ఒకరు,
నల్లగొండ